పాఠం 12: వేళల పట్టిక ఎవరి చేతిలో? – ఉత్తరాంధ్ర రేడియోలో మారుతూ వచ్చిన సంగీత ప్రసారాలు

12.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు కింది పనులు చేయగలగాలి.
– విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రం ఏ పరిస్థితుల్లో ఏర్పడిందో, అంతకు ముందు శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల శ్రోతలు ఏమి వినేవారో వివరించడం.
– రేడియో సంగీత ప్రసారాల స్వరూపం 1938 నుంచి నేటి వరకు ఏయే దశల్లో మారిందో గుర్తించడం.
– ప్రతి మార్పు వెనుక ఉన్న ఆర్థిక, సాంకేతిక, పరిపాలనా కారణాలను విడదీసి చెప్పడం.
– మీ ఊరి శ్రోతల జ్ఞాపకాలను చరిత్ర ఆధారాలుగా సేకరించడం.

12.1 ఉపోద్ఘాతం

మీ ఇంట్లో అరవై ఏళ్లు దాటిన వారెవరైనా ఉంటే, ఈ పాఠం మొదలుపెట్టే ముందు వారినొక ప్రశ్న అడగండి: "మీ చిన్నప్పుడు రేడియోలో ఏ వేళకు ఏ పాటలు వచ్చేవి?" చాలామంది గడియారం చూడకుండానే చెబుతారు. తెల్లవారగానే ఆకాశవాణి సంకేత సంగీతం, ఆ వెంటనే వందేమాతరం, తరువాత భక్తిరంజని, వార్తలు, పొలం పనుల ముచ్చట్లు, మధ్యాహ్నం సినిమా పాటలు, రాత్రికి శాస్త్రీయ సంగీత కచేరీ. నాగావళి ఒడ్డున ఉన్న మా ఊళ్లో గడియారం ఉన్న ఇళ్లు తక్కువ. పంచాయతీ రేడియోలో భక్తిరంజని వినబడితే పశువులను విప్పే వేళ అయినట్టు. ప్రాంతీయ వార్తలు మొదలైతే పిల్లలం బడికి పరుగెత్తేవాళ్లం.

ఆ వరుస ఎవరో ఒకరు కూర్చుని వేసిందే. రేడియో కేంద్రాల్లో దాన్ని 'ఫిక్స్‌డ్ పాయింట్ చార్టు' అంటారు. ఏ రోజు, ఏ నిమిషానికి, ఏ రకం కార్యక్రమం, ఎంతసేపు అన్నది అందులో ఉంటుంది. ఈ పాఠంలో మనం దాన్ని 'వేళల పట్టిక' అందాం. సంగీతానికి సంబంధించినంత వరకు ఈ పట్టిక తీరునే ఇప్పటి రేడియో రంగంలో 'ఫార్మాట్' అంటున్నారు.

ఫార్మాట్ అన్న మాటకు ఇప్పుడున్న అర్థం అమెరికాలో స్థిరపడింది. 1950లలో టెలివిజన్ వచ్చి నాటకాలను, వినోద కార్యక్రమాలను పట్టుకుపోయింది. రేడియో కేంద్రాలకు మిగిలింది గ్రామఫోను రికార్డులు. ఒమాహా నగరంలో టాడ్ స్టార్జ్ అనే కేంద్రం యజమాని, జనం బాగా అడిగే కొద్ది పాటలనే రోజంతా మళ్లీ మళ్లీ వేయించాడు. 'టాప్ ఫార్టీ' పద్ధతి అలా ప్రాచుర్యంలోకి వచ్చింది. మన దేశంలో ఈ పద్ధతి స్థిరపడటానికి మరో యాభై ఏళ్లు పట్టింది. ఎందుకంటే అక్కడ రేడియోను నడిపింది ప్రకటనల సొమ్ము. ఇక్కడ నడిపింది ప్రభుత్వం.

కాబట్టి ఒక కేంద్రం సంగీతం ఎందుకు మారిందో తెలుసుకోవాలంటే "జనం అభిరుచి మారింది" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకూడదు. ప్రతి దశలోనూ మూడు ప్రశ్నలు వేసుకోవాలి.
(అ) ప్రసారానికి డబ్బు ఎవరు పెడుతున్నారు?
(ఆ) పాటను ఎవరు ఎంపిక చేస్తున్నారు?
(ఇ) ఆ పాట ఎంత దూరం వినబడుతోంది?
ఈ మూడు ప్రశ్నలను పాఠం చివరి వరకు గుర్తుంచుకోండి.

12.2 కేంద్రం రాకముందు: సంగీతం ఇక్కడ, మైకు మద్రాసులో

భారత ప్రభుత్వ రేడియో సంస్థకు 1936 జూన్ 8న 'ఆల్ ఇండియా రేడియో' అన్న పేరు వచ్చింది. మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. తెలుగు జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలో భాగం కనుక తెలుగు కార్యక్రమాలూ అక్కడి నుంచే వచ్చేవి. నిజాం రాజ్యంలో దక్కన్ రేడియో విడిగా నడిచేది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం ప్రారంభమైంది. హైదరాబాదు కేంద్రాన్ని 1950 ఏప్రిల్ 1న ఆల్ ఇండియా రేడియో తన అధీనంలోకి తీసుకుంది.

ఇదే కాలంలో విజయనగరం సంగీతానికి పెట్టింది పేరు. పూసపాటి రాజుల పోషణలో 1919లో అక్కడ విజయరామ గాన పాఠశాల ఏర్పడింది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దాని తొలి అధ్యక్షులు. ఆ తరువాత వయొలిన్ విద్వాంసుడు ద్వారం వేంకటస్వామి నాయుడు ఆ బాధ్యత చేపట్టారు. ఘంటసాల వెంకటేశ్వరరావు ఆ పాఠశాలలోనే చదువుకున్నారు. విజయనగరంలో పుట్టిన పి. సుశీల కూడా అక్కడే సంగీతం నేర్చారు. సాలూరు దగ్గరి శివరామపురంలో పుట్టిన సాలూరి రాజేశ్వరరావు తెలుగు లలిత సంగీతానికి, సినిమా సంగీతానికి దారి వేసిన వారిలో ముఖ్యులు.

వీరి జీవిత రేఖలను పక్కపక్కన పెట్టి చూడండి. చదువు విజయనగరంలో, గొంతు లోకానికి వినబడింది మద్రాసులో. ఘంటసాల సినిమాల్లో స్థిరపడక ముందు మద్రాసు రేడియోలో పాడారు. సుశీలను సంగీత దర్శకుడు పెండ్యాల నాగేశ్వరరావు ఎంపిక చేసింది కూడా మద్రాసు రేడియోలో పాడుతున్న గాయనిగానే. విజయనగరం నుంచి మద్రాసుకు రైలు దారి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైనే. విజయవాడ కేంద్రం వచ్చాక ఆ దూరం సగానికి తగ్గింది. ఆ ప్రయాణం, బస, తెలిసినవారి అండ సమకూర్చుకోగలిగిన కళాకారుడికే మైకు అందేది.

మన మూడు ప్రశ్నలకు ఈ దశలో జవాబులు ఇవి: డబ్బు ప్రభుత్వానిది, ఎంపిక మద్రాసు, విజయవాడ అధికారులది. ఇక రేడియో సెట్టు ఉన్నది జమీందారు కోటల్లో, ప్లీడర్ల ఇళ్లలో, పట్టణాల్లోని కొన్ని హోటళ్లలో మాత్రమే. రేడియో వినాలంటే ఏటా పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టాలి. గృహ రేడియోలకు ఆ లైసెన్సు పద్ధతి 1980ల మధ్య వరకు కొనసాగింది.

12.3 ఢిల్లీ నుంచి వచ్చిన నియమాలు

విశాఖ కేంద్రం పుట్టేనాటికే దేశమంతటికీ వర్తించే సంగీత విధానం సిద్ధంగా ఉంది. దాన్ని తెలుసుకోకపోతే ఇక్కడి పట్టిక అర్థం కాదు.

మొదటిది హార్మోనియం మీద నిషేధం. 1940 మార్చి 1 నుంచి ఆల్ ఇండియా రేడియోలో హార్మోనియం వాడకూడదన్నారు. దాని మెట్లు స్థిరంగా ఉంటాయి కనుక మన రాగాల్లోని గమకాలు, సూక్ష్మ శ్రుతులు పలకవన్నది వాదన. రవీంద్రనాథ్ ఠాగూరు కూడా హార్మోనియం ఇష్టపడలేదు. ఈ నిషేధాన్ని 1970ల ఆరంభంలో పాక్షికంగా సడలించారు. అయితే మన జిల్లాల్లో పద్య నాటకానికి హార్మోనియమే ప్రాణం. హరిశ్చంద్ర, గయోపాఖ్యానం, ఉద్యోగ విజయాలు ఆడే ఊళ్లలో హార్మోనిస్టు శ్రుతి ఇస్తేనే నటుడు పద్యం ఎత్తుకునేవాడు. కృష్ణ పాత్రతో పేరు పొందిన పీసపాటి నరసింహమూర్తి వంటి నటులు పెరిగింది ఈ నేల మీదే. శాస్త్రీయ సంగీతాన్ని దృష్టిలో పెట్టుకుని చేసిన నియమం తిరునాళ్ల సంగీతం మీద ఎలా పడుతుందో అప్పుడు ఎవరూ లెక్క వేయలేదు.

రెండవది గాత్ర పరీక్ష, అంటే ఆడిషన్. బి. వి. కేస్కర్ 1952లో సమాచార, ప్రసార శాఖ మంత్రి అయ్యారు. పది సంవత్సరాలు ఆ పదవిలో ఉన్నారు. ఆయన హయాంలో కళాకారులను పరీక్షించి 'బి', 'బి హై', 'ఎ', 'టాప్' అని శ్రేణులుగా విడదీసే పద్ధతి గట్టిపడింది. దీనివల్ల మేలు జరిగింది. రాజుల పోషణ ఆగిపోయిన కాలంలో, సంస్థానాల నీడ కోల్పోయిన విద్వాంసులకు రేడియో కాంట్రాక్టు గౌరవప్రదమైన ఆదాయం అయింది. శ్రేణి వచ్చిన కళాకారుడికి ఊళ్లో కచేరీ ధర పెరిగేది. నష్టమూ జరిగింది. పరీక్షకు శాస్త్రం, రాగ జ్ఞానం కొలతలయ్యాయి. ఆ కొలతలకు అందని గొంతు 'శ్రేణి లేని' గొంతయింది.

మూడవది సినిమా పాట మీద కోత. సినిమా సంగీతం అభిరుచిని చెడగొడుతుందని కేస్కర్ భావించారు. రేడియోలో దాని వాటా బాగా తగ్గించారు. సినిమా పేరు చెబితే ప్రకటన అవుతుందని గాయకుల పేర్లే చెప్పించారు. నిర్మాతలతో ఒప్పందం బెడిసింది. శ్రోతలు ఏమి చేశారు? సిలోన్ రేడియోకు తిప్పారు. అమీన్ సయానీ నడిపిన 'బినాకా గీత్‌మాలా' 1952 డిసెంబరులో అక్కడ మొదలైంది. తరువాతి కాలంలో మీనాక్షి పొన్నుదొరై తెలుగు ప్రకటనల కోసం మన ఊళ్లలోనూ షార్ట్‌వేవ్ ముల్లును వెంట్రుకవాసి మేర కదుపుతూ కూర్చునేవారు. చివరికి 1957 అక్టోబరు 3న ఆకాశవాణి తానే 'వివిధ భారతి' ప్రారంభించింది. 1967 నవంబరు 1 నుంచి అందులో వ్యాపార ప్రకటనలు వచ్చాయి.

ప్రభుత్వం ఇచ్చిన పట్టికను శ్రోత మౌనంగా అంగీకరించలేదన్నది ఇక్కడ మీరు గమనించాలి. ముల్లు తిప్పడం కూడా ఒక అభిప్రాయ ప్రకటనే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(అ) హార్మోనియం నిషేధం ఉత్తరాంధ్ర రంగస్థల సంగీతాన్ని ఎందుకు ప్రత్యేకంగా తాకింది? ఐదు వాక్యాల్లో రాయండి.
(ఆ) వివిధ భారతి పుట్టుకకు సిలోన్ రేడియోకు ఉన్న సంబంధం ఏమిటి?

12.4 1963: విశాఖపట్నం కేంద్రం

ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం 1963 ఆగస్టు 4న ప్రారంభమైంది. అప్పటికి శ్రీకాకుళం జిల్లా ఏర్పడి పదమూడేళ్లు. విజయనగరం జిల్లా ఇంకా పుట్టలేదు. అది 1979 జూన్ 1న ఏర్పడింది. అందువల్ల విశాఖ కేంద్రం మొదటి నుంచీ నగర కేంద్రం కాదు, మొత్తం ఉత్తరాంధ్ర కేంద్రం. 927 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్ మీద దాన్ని మన జిల్లాల వారు వినేవారు.

ఇక్కడ మూడవ ప్రశ్న, అంటే దూరం, కీలకమవుతుంది. మీడియం వేవ్ తరంగం పగటిపూట నేలను అంటుకుని చాలా దూరం సాగుతుంది. ఉప్పునీటి మీద ఇంకా బాగా సాగుతుంది. అందుకే మన తీరప్రాంతానికి అది అనువైన సాధనం. చౌకగా దొరికిన ట్రాన్సిస్టర్లు 1960ల చివరి నుంచి ఊళ్లలోకి వచ్చాయి. కరెంటు లేని ఊళ్లోనూ బ్యాటరీలతో పాట వినబడింది. జాలరి తన తెప్ప మీదా, రైతు తన కళ్లంలోనూ అదే కేంద్రం విన్నారు.

అప్పటి పట్టికలో సంగీతం నాలుగు పాయలుగా ఉండేది. మొదటిది కర్ణాటక సంగీతం. రెండవది లలిత సంగీతం, అంటే మంచి కవుల గేయాలకు రేడియో కోసమే కట్టిన బాణీలు. మద్రాసు, విజయవాడ కేంద్రాల్లో బాలాంత్రపు రజనీకాంతరావు వంటి వారు పెంచిన ప్రక్రియ ఇది. సినిమా పాటకు బదులుగా, సినిమా పాటంత తేలికగా పాడుకోదగ్గ పాట ఇవ్వాలన్నది దీని ఉద్దేశం. 'ఈ మాసపు పాట' వంటి కార్యక్రమాల్లో గురువు ఒక్కొక్క చరణం పాడించి శ్రోతలకు నేర్పేవారు. మూడవది జానపద సంగీతం. నాలుగవది సినిమా సంగీతం. 'జనరంజని' వంటి కార్యక్రమాల్లో శ్రోతలు కోరిన పాటలు వేసేవారు.

ఈ నాలుగు పాయలను ఒకే కేంద్రం, ఒకే రోజులో, ఒకే శ్రోతకు వినిపించేది. దీన్ని 'మిశ్రమ ఫార్మాట్' అనవచ్చు. దాని బలం ఇదీ: జనరంజని కోసం రేడియో పెట్టిన యువకుడి చెవిన అనుకోకుండా వయొలిన్ కచేరీ పడేది. కచేరీ కోసం కూర్చున్న పెద్దాయనకు జాలరి పాట వినబడేది. ఎవరూ తమకు నచ్చినదొక్కటే ఏరుకునే వీలు లేదు.

జనరంజనికి రాసే పోస్టుకార్డులను కూడా గుర్తు చేసుకోవాలి. పాట పేరు కింద కోరినవారి పేర్లు, ఊరి పేరు రాసేవారు. రాజాం, పాలకొండ, నరసన్నపేట, చీపురుపల్లి, గజపతినగరం అని అనౌన్సర్ ఒక్కొక్క ఊరి పేరు చదువుతుంటే, ఆ ఊళ్లో రేడియో చుట్టూ కూర్చున్న వాళ్లకు గర్వంగా ఉండేది. తమ ఊరి పేరు పత్రికలో ఎప్పుడూ చూడని వారికి అది వినబడిన చోటు రేడియోయే. చౌకైన పోస్టుకార్డుకు పట్టికలో చిన్న వాటా దొరికిందన్నమాట. అయితే పాట ఎంచుకునే హక్కు మాత్రమే శ్రోతది. పాటలకు కేటాయించిన నిమిషాలు కేంద్రానివే.

12.5 పట్టికలోకి రాని పాటలు

చరిత్ర విద్యార్థి వినబడిన దానితో పాటు వినబడని దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. విశాఖ కేంద్రం మొదలైన నాలుగైదేళ్లకే శ్రీకాకుళం ఏజెన్సీలో గిరిజన రైతాంగ పోరాటం రగిలింది. ఆ పోరాటానికి గొంతు ఇచ్చినవారిలో బొడ్డపాడుకు చెందిన కవి సుబ్బారావు పాణిగ్రాహి ఒకరు. ఆయన ఎంచుకున్న ప్రక్రియ జముకుల కథ. తోలు బిగించిన చిన్న వాద్యానికి కట్టిన తీగను మీటుతూ కథ చెప్పే పాత జానపద రూపం అది. 1969 డిసెంబరులో ఆయన కాల్చివేతకు గురయ్యారు. ఆ తరువాత పార్వతీపురం ప్రాంతం నుంచి వంగపండు ప్రసాదరావు వచ్చారు. ఉత్తరాంధ్ర యాసను, దరువును పాటగా మలిచి రాష్ట్రమంతా తిప్పారు.

ఆకాశవాణి అప్పుడు నేరుగా ప్రభుత్వ శాఖ. దాని ప్రసార నియమావళి హింసను ప్రేరేపించే, శాంతిభద్రతలకు భంగం కలిగించే విషయాలను అనుమతించదు. కనుక జముకు అనే వాద్యానికి జానపద కార్యక్రమంలో చోటుండవచ్చు, అదే వాద్యం మీద పాడిన తిరుగుబాటు పాటకు ఉండదు. పాలకుల చేతిలోని పట్టిక దేశమంతటా ఇలాగే పనిచేసింది. అత్యవసర పరిస్థితి కాలంలో 1976లో కిశోర్ కుమార్ పాటలనే ఆకాశవాణిలో ఆపివేశారు. ఆ స్థాయి గాయకుడి విషయంలోనే అలా జరిగినప్పుడు ఊరి గాయకుడి స్థితి మీరే ఊహించవచ్చు.

అయితే దీన్ని ఏకపక్షంగా చూడకూడదు. తప్పెటగుళ్లు, జముకుల కథ, జాలరి పాటలు, కోత పాటలు వంటివి మైకు ముందుకు వచ్చింది రేడియో జానపద కార్యక్రమాల వల్లే. ఛాతీకి తప్పెట కట్టుకుని గంగమ్మను కొలుస్తూ ఆడే కళాకారుడికి స్టూడియో మెట్లు ఎక్కడమే ఒక గుర్తింపు. కానీ స్టూడియోలో కొన్ని మార్పులు తప్పవు. రాత్రంతా సాగే కథ పదిహేను నిమిషాలకు కుదించాలి. కాళ్ల గజ్జెలు, గెంతులు, జనం కేకలు ఉండవు. యాస కొంచెం సరిదిద్దుకోవాలి. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టిన జిల్లా మాట, రేడియోలో వార్తల భాషగా కాక, హాస్య పాత్రల భాషగానే ఎక్కువగా స్థిరపడటం ఆలోచించదగ్గ విషయం.

భాష గురించి మరొక సంగతి. ఇచ్ఛాపురం, సోంపేట, మందస వైపు ఒడియా మాట్లాడేవారు కటక్ కేంద్రాన్ని వినేవారు. అది 1948 జనవరిలోనే మొదలైంది. ఒకే వీధిలో ఒక ఇంట్లో కటక్, పక్కింట్లో విశాఖపట్నం మోగేవి. పరిపాలనా సరిహద్దు ఒకచోట ఉంటే, వినికిడి సరిహద్దు మరోచోట ఉంటుంది.

12.6 ఎఫ్‌ఎం రాక: పాట పెరిగింది, పరిధి తగ్గింది

1980లలో టెలివిజన్, టేప్‌రికార్డర్ రెండూ వచ్చాయి. నచ్చిన పాట కోసం జనరంజని వరకు ఎదురుచూడాల్సిన అవసరం పోయింది. క్యాసెట్ కొంటే చాలు. అమెరికాలో 1950లలో జరిగింది మనకు ఈ దశాబ్దంలో జరిగింది. ఆకాశవాణి తన ప్రధాన ప్రసారాల్లోనూ ప్రకటనలు తీసుకోసాగింది.

తరువాతి మలుపు న్యాయస్థానం నుంచి వచ్చింది. వాయు తరంగాలు ప్రజల ఆస్తి అని, వాటి మీద ప్రభుత్వానికి గుత్తాధికారం ఉండరాదని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరి 9న తీర్పు ఇచ్చింది. 1997 నవంబరులో ఆకాశవాణి ప్రసార భారతి అనే స్వయంప్రతిపత్తి సంస్థ కిందికి వచ్చింది. ప్రైవేటు ఎఫ్‌ఎం కోసం వేలం జరిగింది. 2001 జూలైలో బెంగళూరులో మొదటి కేంద్రం మోగింది. మొదటి దశలో నిలిచిన కేంద్రాలు 12 నగరాల్లో 21 మాత్రమే. ఆ పన్నెండింటిలో విశాఖపట్నం ఒకటి. 2005 విధానం తరువాత రేడియో మిర్చి, బిగ్ ఎఫ్‌ఎం వంటివి కూడా విశాఖకు వచ్చాయి. ఆకాశవాణి తన 'రెయిన్‌బో' ఎఫ్‌ఎంతో పోటీలో నిలిచింది.

ఈ కేంద్రాలన్నీ దాదాపు ఒకే ఫార్మాట్ ఎందుకు ఎంచుకున్నాయి? కొత్త సినిమా పాటలు, మధ్యలో గలగలా మాట్లాడే రేడియో జాకీ, ప్రకటనలు. దీనికి నాలుగు కారణాలు చెప్పుకోవచ్చు.

ఒకటి, లైసెన్సు భారం. మొదటి దశలో రుసుము ఏటా పెరిగే స్థిరమైన మొత్తం. రెండవ దశలో అది ఆదాయంలో 4 శాతంగా మారింది కానీ, వేలంలో కట్టిన ప్రవేశ రుసుము ఉండనే ఉంది. ఖర్చు రాబట్టాలంటే ఎక్కువ మంది వినే పాటే వేయాలి.

రెండు, పాటల హక్కుల సొమ్ము. సంగీత కంపెనీలకు చాలాకాలం పాట మోగిన గంటల లెక్కన చెల్లించేవారు. 2010 ఆగస్టులో కాపీరైట్ బోర్డు దాన్ని నికర ప్రకటనల ఆదాయంలో 2 శాతంగా నిర్ణయించింది. అప్పటికే మోగే ప్రతి నిమిషానికి లెక్క చూసుకునే అలవాటు కేంద్రాలకు పడిపోయింది.

మూడు, వార్తలపై నిషేధం. ప్రైవేటు కేంద్రాలు సొంతంగా వార్తలు చెప్పకూడదు. 2011 విధానం ఆకాశవాణి వార్తలను తిరిగి ప్రసారం చేసుకోవడానికి మాత్రమే అనుమతించింది. ఊరి సంగతులు చెప్పే దారి మూసుకుపోతే మిగిలేది పాటే.

నాలుగు, కంప్యూటర్. ఏ పాట రోజుకు ఎన్నిసార్లు, ఎంత వ్యవధిలో రావాలో సాఫ్ట్‌వేర్ వేసిపెడుతుంది. పోస్టుకార్డుల సంచి స్థానంలో శ్రోతల సర్వే వచ్చింది.

ఇప్పుడు మూడవ ప్రశ్నకు రండి. ఎఫ్‌ఎం తరంగం దాదాపు చూపు ఆనినంత దూరమే సూటిగా వెళ్తుంది. కొండ అడ్డొస్తే ఆగుతుంది. విశాఖపట్నం నుంచి విజయనగరం సుమారు 60 కిలోమీటర్లు. శ్రీకాకుళం సుమారు 110. ఇచ్ఛాపురం 240 దాటుతుంది. అంటే విశాఖ ఎఫ్‌ఎం విజయనగరానికి అందుతుంది, శ్రీకాకుళం చేరేసరికి బలహీనపడుతుంది, ఇచ్ఛాపురానికి అందనే అందదు. సాలూరు, పార్వతీపురం కొండ ఊళ్ల సంగతి చెప్పనక్కరలేదు. శబ్దం స్పష్టత పెరిగింది. వినగలిగే ఊళ్లు తగ్గాయి. ఉత్తరాంధ్ర అంతటికీ కేంద్రంగా పుట్టిన విశాఖ రేడియో, ఎఫ్‌ఎం దశలో నగర రేడియో అయింది.

దీనికి తోడు సెల్‌ఫోన్ వచ్చింది. చౌక ఫోన్లలో ఎఫ్‌ఎం ఉంటుంది, మీడియం వేవ్ ఉండదు. పాత ట్రాన్సిస్టర్ పాడైన రోజున ఆ ఇంట్లో 927 కిలోహెర్ట్జ్ కూడా ఆగిపోయినట్టే. మీడియం వేవ్ శ్రోతలు తగ్గడానికి కార్యక్రమాల నాణ్యత ఒక్కటే కారణం కాదని ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. యంత్రం మారడం కూడా అంతే ముఖ్యమైన కారణం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
(అ) మీడియం వేవ్‌కు, ఎఫ్‌ఎంకు ఉన్న తేడా శ్రీకాకుళం శ్రోతల అనుభవాన్ని ఎలా మార్చింది?
(ఆ) ప్రైవేటు ఎఫ్‌ఎం కేంద్రాల ఫార్మాట్ ఒకేలా ఉండటానికి గల కారణాల్లో మీకు ఏది ముఖ్యమనిపిస్తుంది? ఎందుకు?

12.7 నేటి స్థితి, రేపటి అవకాశం

ఇప్పుడు ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రాన్ని సెల్‌ఫోన్ యాప్‌లో ఇచ్ఛాపురంలోనూ వినవచ్చు, దుబాయిలోనూ వినవచ్చు. దూరం సమస్య ఒక విధంగా తీరింది. కానీ అదే ఫోన్‌లో లోకంలోని పాటలన్నీ ఉన్నాయి. ప్రతి శ్రోత తన పట్టిక తానే వేసుకుంటున్నాడు. లేదా వేసుకుంటున్నానని అనుకుంటున్నాడు. అతడు నిన్న విన్నదాన్ని బట్టి రేపటి పాటను ఎక్కడో ఉన్న కంప్యూటర్ ఎంచుతోంది. "ఎంపిక ఎవరిది?" అన్న ప్రశ్న ఇంకా ముగియలేదు.

2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ప్రైవేటు ఎఫ్‌ఎం లేని 234 పట్టణాల్లో 730 చానళ్ల వేలానికి ఆమోదం తెలిపింది. ఆ జాబితాలో శ్రీకాకుళం, విజయనగరం ఉన్నాయి. కేంద్రం రావడం ఒక్కటే చాలదు. అది హైదరాబాదులో తయారైన పాటల వరుసనే ఇక్కడ మోగిస్తే, ట్రాన్స్‌మిటర్ మాత్రమే స్థానికం అవుతుంది.

మరో మార్గం సామాజిక రేడియో. 2006 మార్గదర్శకాల ప్రకారం లాభాపేక్ష లేని సంస్థలు కూడా చిన్న కేంద్రాలు నడపవచ్చు. జహీరాబాదు దగ్గరి మాచనూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు 2008 అక్టోబరులో 'సంగం రేడియో' ప్రారంభించారు. అక్కడ పట్టిక వేసేదీ, పాడేదీ, వినేదీ ఆ చుట్టుపక్కల ఊళ్ల వారే. పరిధి కొద్ది కిలోమీటర్లే అయినా, మన మూడు ప్రశ్నల్లో రెండవ దానికి ఇంతకన్నా నేరైన జవాబు తెలుగునాట మరొకటి లేదు.

12.8 మీరు చేయవలసిన పని

ఈ చరిత్రకు ఆధారాలు ఎక్కడ ఉన్నాయి? కొన్ని అచ్చులో ఉన్నాయి. ఆకాశవాణి తెలుగు కార్యక్రమాల పత్రిక 'వాణి' పాత సంచికల్లో వేళల పట్టికలు దొరుకుతాయి. కానీ శ్రోత ఏమి విన్నాడో, ఏది వచ్చినప్పుడు రేడియో కట్టేశాడో ఏ పత్రికలోనూ లేదు. అది మనుషుల జ్ఞాపకంలో ఉంది. ఆ మనుషులకు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్లు. నా చిన్నప్పుడు మా ఊళ్లో జముకుల కథ చెప్పిన వాళ్లలో ఇప్పుడు ఒక్కరూ లేరు. వాళ్ల గొంతు నేను ఏ టేపు మీదా పట్టుకోలేదు. చరిత్ర చదివి, చరిత్ర చెప్పి కూడా ఆ పని చేయకపోవడం నా తప్పే. మీరు ఆ తప్పు చేయకండి. మీ జేబులో రికార్డర్ ఉంది.

మీ ఊళ్లో ముగ్గురిని ఎంచుకోండి: ఒక పాత శ్రోత, ఒక స్త్రీ, ఎప్పుడైనా రేడియోలో పాడిన లేదా పాడాలనుకున్న ఒక కళాకారుడు. వారి అనుమతితో గంటసేపు మాట్లాడించండి. రేడియో ఎవరి ఇంట్లో ఉండేది, ముల్లు ఎవరు తిప్పేవారు, ఆడవాళ్లు ఎక్కడ కూర్చుని వినేవారు, ఏ కులం వారు అరుగు కింద నిలబడి వినవలసి వచ్చేది అని అడగండి. పాట గుర్తుంటే పాడమనండి. తేదీ, ఊరు, మాట్లాడినవారి వయసు రాసి పెట్టుకోండి. జ్ఞాపకం తప్పు చెప్పవచ్చు. అందుకే ముగ్గురి మాటలు పోల్చి చూడాలి.

12.9 సారాంశం

ఉత్తరాంధ్రలో సంగీతం పుష్కలంగా ఉన్నా, దాన్ని ప్రసారం చేసే పట్టిక ఎక్కువ కాలం బయటే తయారైంది. మొదట మద్రాసు, విజయవాడల్లో, తరువాత ఢిల్లీ నియమాల కింద విశాఖలో, ఆ తరువాత ప్రకటనల మార్కెట్‌లో, ఇప్పుడు కంప్యూటర్‌లో. 1963 నాటి విశాఖ కేంద్రం శాస్త్రీయ, లలిత, జానపద, సినిమా సంగీతాలను కలిపి మొత్తం ప్రాంతానికి వినిపించింది. కొన్ని వాద్యాలను, కొన్ని పాటలను బయట ఉంచింది కూడా. ఎఫ్‌ఎం దశలో పాటల సంఖ్య పెరిగి, సంగీత రకాలు, చేరే ఊళ్లు తగ్గాయి. డబ్బు, ఎంపిక, దూరం అనే మూడూ కలిసి ఫార్మాట్‌ను నిర్ణయిస్తాయి.

12.10 ముఖ్య పదాలు

ఫిక్స్‌డ్ పాయింట్ చార్టు: రేడియో కేంద్రం కార్యక్రమాల స్థిరమైన వేళల పట్టిక.
లలిత సంగీతం: గేయ సాహిత్యానికి తేలికపాటి బాణీ కట్టి పాడే, రేడియోలో పెరిగిన ప్రక్రియ.
మీడియం వేవ్: నేలను అంటుకుని దూరం సాగే రేడియో తరంగ శ్రేణి.
జముకుల కథ: జముకు వాద్యంతో చెప్పే ఉత్తరాంధ్ర జానపద కథారూపం.

12.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది వాటికి సుమారు 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రం 'మిశ్రమ ఫార్మాట్' గుణదోషాలను చర్చించండి.
2. రేడియో సంగీతంలో మార్పులకు శ్రోతల అభిరుచి ఒక్కటే కారణం కాదని సోదాహరణంగా నిరూపించండి.

II. కింది వాటికి సుమారు 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. కేస్కర్ కాలపు సంగీత విధానం.
2. 1995 సుప్రీంకోర్టు తీర్పు ప్రాముఖ్యం.
3. మౌఖిక చరిత్ర సేకరణలో పాటించవలసిన జాగ్రత్తలు.